పసుపు రంగు తీసేసిన దీపం

ఎరుపు వెలిగింది. మోక్షిత ఫోను చున్నీతో తుడిచి మళ్లీ పంపింది. మళ్లీ ఎరుపే.

ఆమె పంపింది నాలుగు ముక్కలు. "సువర్ణగెడ్డ రిజర్వాయరు కట్ట అడుగున బురదనీరు కారుతోంది. కట్ట తెగిపోయేలా ఉంది. పల్లపుపేట వాళ్లందరూ వెంటనే బయటికి వచ్చేయండి." కింద వీడియో కూడా పెట్టింది. అందులో నీళ్లు కనిపిస్తున్నాయి, పక్కన చెయ్యూపుతూ కట్ట కాపలా చూసే లష్కరు పైడయ్య కనిపిస్తున్నాడు. అయినా స్క్రీను మూలనున్న చిన్న దీపం ఎర్రగానే ఉంది.

ఇక్కడ కథ ఒక్క నిమిషం ఆపాలి. అవతల కట్ట తెగుతుంటే ఇదేం ఆపడమని తిట్టుకోకండి. ఆ దీపం సంగతి తెలియకపోతే తర్వాత జరిగిందేదీ మీకు అర్థం కాదు.

దాని పేరు నిజదీపం. ఆ ఊరి యూనివర్సిటీలో డాక్టర్ గంటి మార్కండేయులు గారు దాన్ని తయారుచేసి అప్పటికి మూడేళ్లు. అంతకుముందు మనమెలా బతికామో మీకు గుర్తుండే ఉంటుంది. ఫలానా ఆకు నమిలితే షుగరు పోతుందంటే నమిలేశాం. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఫార్వర్డు వస్తే, ఎవరో దారినపోయే బైరాగిని పట్టుకుని చావబాదాం. అదీ మన తెలివి. మార్కండేయులు గారు ఆ బైరాగిని ఆస్పత్రిలో చూసొచ్చి, వారంపాటు అన్నం సరిగా తినలేదట. ఆ తర్వాతే ఈ యంత్రం మొదలుపెట్టారు.

యంత్రం చేసే పని చాలా తేలిక. ఏదైనా వార్త నెట్‌లోకి రాగానే అది మూడు సంగతులు చూస్తుంది. చెప్పినవాళ్లు కనీసం ముగ్గురున్నారా? ఆ ముగ్గురి ఫోన్లూ ఆ చోటనే ఉన్నాయా? ఎవరి మాటల్లో వాళ్లు చెప్పారా, లేక ఒకరిది చూసి ఒకరు దించేశారా? మూడూ సరిపోతే ఆకుపచ్చ. ఒక్కటి తగ్గినా ఎరుపు. అబద్ధమని తర్వాత రుజువైతే, దాన్ని మొదలుపెట్టిన మనిషి పేరు మీద ఏడాదిపాటు ఏం రాసినా, ఆఖరికి ఇంట్లోవాళ్లకు రాసినా ఎరుపే. అంతే, ఇంకేం మంత్రం లేదు.

మొదట్లో పసుపు రంగు కూడా ఉండేది. పసుపంటే 'ఇంకా తెలియదు' అని అర్థం. అది జనానికి నచ్చలేదు. తెలియదని చెప్పడానికి ఇంత పెద్ద యంత్రం దేనికని అందరూ విసుక్కున్నారు. ఎం.ఏ. జర్నలిజం చదివే ఒక అమ్మాయి డిపార్ట్‌మెంటు వెబ్‌సైటులో వారం వారం మీడియా మీద రాసేది. ఆ అమ్మాయైతే "తేల్చి చెప్పలేని దీపం మాకొద్దు" అని పెద్ద వ్యాసమే రాసింది. సగం నిజం కూడా అబద్ధం లాంటిదేనంది, పాఠకుడికి కావలసింది అవును, కాదు, ఈ రెండే మాటలంది. నాలుగు వేలమంది విద్యార్థులు దాని కింద సంతకాలు పెట్టారు. కమిటీ కూర్చుని పసుపు తీసేసింది.

ఆ అమ్మాయే పొట్నూరు మోక్షిత. ఇప్పుడు కట్ట మీద నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నది ఆమే.

ఆ పొద్దున ఆమె అక్కడికొచ్చింది ఆ వారం వ్యాసం కోసమే. స్మార్టుఫోను లేని మనిషికి ప్రపంచం ఎలా తెలుస్తుందో రాద్దామని, ముప్పయ్యేళ్లుగా కట్టను కాపలా కాస్తున్న పైడయ్య దగ్గరికి స్కూటీ మీద వచ్చింది. ఆయనది బటన్ల ఫోను. దీపం లేదు, గీపం లేదు. "మీకు వార్తలెలా తెలుస్తాయి తాతా?" అని ఆమె అడుగుతుండగానే ఆయన కింద ఏదో చూసి లేచి కట్ట దిగి పరిగెత్తాడు.

"తెల్లనీరు కారితే బయం నేదు పాపా. ఏ కట్టకైనా కాస్త ఊరతాది," అన్నాడు, అడుగున కారుతున్న నీళ్లు దోసిట పట్టి. "ఇది సూడు, ఎర్రగా వొస్తంది. లోపల మట్టిని తినేస్తందన్నమాట. రెండు గంటలాగితే గొప్ప."

అప్పుడు టైము తొమ్మిదీ ఇరవై. కట్ట కింద పల్లపుపేటలో నాలుగు వందల ఇళ్లు.

మోక్షిత రిజర్వాయరు ఇంజనీరుకు ఫోను చేసింది. ఆయన మెసేజి తెరిచి చూసి, "ఎర్ర లైటున్న దాని మీద నేను సైరన్ వేయిస్తే సాయంత్రానికి నా ఉద్యోగం ఉంటుందా అమ్మా? మనిషిని పంపిస్తాలే," అన్నాడు. ఆ మనిషి రావలసింది నలభై కిలోమీటర్ల అవతలి నుంచి. కంట్రోలు రూముకు చేసింది. ఆకుపచ్చ రానిదే బండి కదలదన్నారు. పైడయ్య తానే పేటలోకి దిగి వీధి వీధీ తిరిగి కేకలేసి వచ్చాడు.

"ఏటన్నారు తాతా?"

"ఫోన్లు సూసుకున్నారు. నేను పొద్దున్నే తాగీసొచ్చానన్నారు," అన్నాడాయన. మొహం ముడుచుకుపోయింది. "ముప్పయ్యేళ్లలో డూటీలో ఒక్క సుక్క ముట్టలేదు పాపా నేను."

ముగ్గురు కావాలి, ముగ్గురూ ఇక్కడే ఉండాలి. పల్లపుపేట ఆడవాళ్ల పొదుపు సంఘం వాట్సాప్ గ్రూపులో ప్రాజెక్టు పనికని మోక్షిత ఎప్పుడో చేరింది. అందులో రాసింది: "అక్కా, మీలో ముగ్గురు దయచేసి కట్ట మీదికొచ్చి కళ్లారా చూడండి. చూసింది మీ మాటల్లో మీరే రాయండి."

ఆ తల్లులు మంచివాళ్లు, పాపం. ఆ పిల్లెవరో సాయమడుగుతోందని జాలిపడ్డారు. జాలిపడి ఏం చేశారు? చేతికి అలవాటైన పని చేశారు. మెసేజిని ఉన్నదున్నట్టు ఫార్వర్డు చేశారు, చివర దండం బొమ్మ పెట్టి మరీ! అయిదు నిమిషాల్లో నలభై ఒక్క ఫార్వర్డులు. కట్ట మీదికి ఒక్కరూ రాలేదు. అవే మాటలు నలభై ఒక్కసార్లు కనిపించేసరికి, యంత్రం ఇది పుకారేనని ఖాయం చేసుకుంది. దీపం ముదురెరుపుకు తిరిగింది.

మోక్షిత మార్కండేయులు గారికి ఫోను చేసింది.

"సార్, ఆకుపచ్చ చెయ్యండి. ఒక్క అరగంట చాలు."

"వీడియో చూశానమ్మా. నిన్ను నమ్ముతున్నాను," అన్నారాయన నెమ్మదిగా. "కానీ నా చేతిలో స్విచ్ లేదు."

"తయారుచేసింది మీరే కదా సార్!"

"అందుకే పెట్టలేదు. స్విచ్చంటూ ఉంటే ఇవాళ నువ్వు వెయ్యమంటావు, రేపు మంత్రిగారు వెయ్యమంటారు. కట్ట దగ్గర ఇంకో ఇద్దరు దొరకరా?"

"ఒక ముసలాయన ఉన్నాడు సార్. బటన్ల ఫోను."

"పసుపు ఉండుంటే కనీసం కొందరు తలెత్తి కట్టవైపు చూసేవాళ్లు," అన్నారాయన.

ఆ మాట సూటిగా తగిలింది. రెండేళ్లుగా వార్త అంటే ఏమిటని పేజీలకు పేజీలు రాసింది ఆ పిల్ల. సాక్షి అంటే ఎవరు, ప్రజాభిప్రాయం అంటే ఏమిటి, అన్నీ రాసింది. అసలైన వార్త కళ్ల ముందు కారుతుంటే దాన్ని పెట్టడానికి చోటు లేకుండా చేసింది తానే. అందరికంటే ముందు చూసేవాడు ఎప్పుడూ ఒక్కడే ఉంటాడు కదా, ఆ సంగతి వ్యాసం రాసేటప్పుడు ఎందుకు తట్టలేదు? తన మీద తనకే అసహ్యం వేసింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే టైము చూసుకుంది. పదీ అయిదు.

కింద బురదనీరు ఇప్పుడు మనిషి తొడంత లావున దూకుతోంది.

ఈ జనం దేనికి లేస్తారు? ఏ సంగతి చెవిన పడితే ఫార్వర్డు నొక్కి ఊరుకోకుండా, బంధువులందరికీ స్వయంగా చెప్పుకుంటారు? కరెంట్ అఫైర్స్ చదివిన బుర్ర కదా, దొరికింది. హాస్టల్ రూమ్‌మేట్ యామినికి ఫోను చేసింది.

"ఒసేయ్, ఎందుకూ ఏమిటీ అని అడక్కు. కొండమీద మన యూనివర్సిటీ గ్రౌండులో ఒక టేబులు, రెండు కుర్చీలు, ఒక పెద్ద రిజిస్టరు వేసుకుని కూర్చో. అడిగినవాళ్లకు ఇళ్ల పట్టాల వెరిఫికేషన్ అని చెప్పు. పల్లపుపేట వాళ్లకు మాత్రమే. పదకొండున్నర దాకానే. ఇంట్లో ఎంతమందుంటే అంతమందీ రావాలి. రానివాళ్ల పేరు కొట్టేస్తారు."

"పిచ్చా నీకు? దొరికితే ఏడాది ఎరుపే. జూన్‌లో నీ ఛానెల్ ఉద్యోగం..."

"నీ పేరు మీద ఒక్క ముక్క రాయకు. రాసేది నేను. నువ్వు కూర్చో చాలు. పరిగెత్తవే తల్లీ!"

రాసింది. పోస్టు మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగింది. విలేకరి కావాలన్నది పదో తరగతి నుంచీ ఉన్న కోరిక. నొక్కేసింది.

ఎరుపే వచ్చింది, ఒక్క మనిషే కదా. కానీ అప్పటికే గ్రౌండులో టేబులు పడింది. క్యాంటీన్లో గిన్నెలు కడిగే పల్లపుపేట ఆవిడ వచ్చి ఏటమ్మా ఇది అంది. విని, కొంగు దోపుకుని ఇంటికి వాయిస్ మెసేజి పెట్టింది: "ఒలె, పట్టాలట! మీ మామని మంచంతోటైనా మోసుకొచ్చీయండి." తోటమాలి తమ్ముడికి రాశాడు, "అన్ని పనులు ఆపి పిల్లలతో రా." వాచ్‌మన్ పేటలోని మూడిళ్లకు మూడు రకాలుగా రాశాడు. ముగ్గురూ ఆ చోటనే ఉన్నారు, ముగ్గురూ టేబుల్ని కళ్లారా చూశారు, ముగ్గురివీ సొంత మాటలు.

పదీ ఇరవై రెండుకు దీపం ఆకుపచ్చగా వెలిగింది.

కట్ట మీది నుంచి మోక్షిత, పైడయ్య చూస్తున్నారు. ముందు ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత పది. తర్వాత వీధులకు వీధులే కదిలాయి. ముసలమ్మల్ని వీపున ఎక్కించుకున్నారు, పక్షవాతం మనిషిని తోపుడు బండి మీద కూర్చోబెట్టారు, నాలుగు రోజుల బాలింతకు గొడుగు పట్టి తీసుకుపోతున్నారు. మనిషి మనిషీ రావాలన్నారు కదా, ఒక్కరిని కూడా వదల్లేదు. జనమంతా ఒకర్నొకరు తోసుకుంటూ యూనివర్సిటీ కొండెక్కుతున్నారు.

"దేనికెల్తన్నారు పాపా వీళ్లు?" అన్నాడు పైడయ్య.

"అబద్ధానికి తాతా."

ఆయన కట్ట దిగి, ఖాళీ వీధుల్లో ఇంకా ఎవరైనా మిగిలిపోయారేమోనని తలుపులు కొట్టుకుంటూ పోయాడు. మోక్షిత ఆయన వెనకే స్కూటీ తీసింది. ఇద్దరూ చివరిగా కొండెక్కేసరికి పదకొండూ ముప్పయి.

పదకొండూ ముప్పయ్యెనిమిదికి కట్ట తెగింది. ఆ చప్పుడు విన్నవాళ్లు దాన్ని ఇప్పటికీ సరిగా చెప్పలేరు. నాలుగు వందల ఇళ్లూ మునిగాయి. ప్రాణం మాత్రం ఒక్కటీ పోలేదు. గ్రౌండులో ఉన్నవాళ్లంతా ఫోన్లు తీసి తలో రకంగా రాశారు. 'కట్ట తెగింది' అన్న వార్తకు అప్పుడొచ్చింది ఆకుపచ్చ.

మధ్యాహ్నానికి టీవీలన్నీ ఒకటే మాట, నిజదీపం వేలమందిని బతికించిందని. "ఆకుపచ్చ సూసే కదా బాబూ మావోళ్లు బయల్దేరినారు, నేకపోతే చచ్చిపోదురు," అని క్యాంటీన్ ఆవిడ కెమెరా ముందు దండం పెట్టింది. పట్టాల వార్త అబద్ధమని యంత్రం మూడు గంటలకు తేల్చింది. సంక్షోభ సమయంలో పుకారు పుట్టించిన విద్యార్థిని మీద విచారణ జరపాలని ఒక పెద్దమనిషి అన్నాడు. మోక్షిత జరిగింది జరిగినట్టు రాసి పెట్టింది. ఎరుపు. యామిని సాక్ష్యం రాస్తానంటే, నీ పేరు కూడా చెడుతుందని వద్దంది.

మోక్షిత వాళ్లమ్మ సరోజిని పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. టీవీలో వరద చూసి కూతురికి ఫోను మీద ఫోను చేసింది. అందరూ ఒక్కసారే చేస్తుంటే కాల్స్ ఎక్కడ కలుస్తాయి? మోక్షిత పెట్టిన మెసేజి ఒక్కటే వెళ్లింది. "అమ్మా, నేను క్షేమంగా ఉన్నాను. ఒక్క దెబ్బ కూడా తగల్లేదు. కంగారుపడకు."

ఆ మెసేజి పక్కన పలాసలో ఏ రంగు వెలిగిందో మీరే ఊహించుకోండి.

సరోజిని పనిబట్టలతోనే బస్సెక్కింది. వచ్చి ముందు ఆస్పత్రి మంచాలన్నీ వెతికింది, తర్వాత మార్చురీ తలుపు దగ్గర కూలబడిపోయింది. అక్కడ దొరికింది మోక్షితకు. కూతుర్ని చూడగానే ఆ తల్లి వాటేసుకుని ఘొల్లుమంది. కాసేపటికి తేరుకుని భుజాలు, మోచేతులు, మెడ వెనక తడమడం మొదలుపెట్టింది.

"దెబ్బెక్కడ తగిలిందే?"

"తగల్లేదమ్మా. ఒట్టు."

"నా దగ్గర దాసకే. నువ్వు బాగున్నానన్న మాటకి ఎర్రగా సూపించింది. లోపలేటో అయ్యింటాది. తలకి తగిలిందేటే? వాంతులవుతున్నాయా?"

మార్కండేయులు గారు అప్పటికి అక్కడే ఉన్నారు. తల్లిని వెతకడానికి మోక్షిత వెంట వచ్చారు. ముందుకొచ్చి చేతులు జోడించారు. "అమ్మా, ఆ దీపం తయారుచేసింది నేనే. మీ అమ్మాయి చెప్పింది నిజం. తనకేమీ కాలేదు. ఇవాళ ఇంతమంది బతికి ఉన్నారంటే తన వల్లే."

సరోజిని కళ్లు తుడుచుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత వంగి ఆయన కాళ్లకు దండం పెట్టింది.

"మీరా బాబూ అది సేసింది! దేవుడిలాటోరు. అంత సదువుకున్నోరు సేసింది తప్పెందుకు సెప్తాదండీ?"

ఆయన గబుక్కున వెనక్కి జరిగారు.

సరోజిని కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని స్కానింగ్ గది ముందున్న క్యూ వైపు లాక్కుపోయింది.