ఫ్యాను కింది మంచం

"అమ్మా... ఫ్యాను కింద ఉన్నోళ్ళు ఎవరన్నా జర జరుగుతరా? ఆ మూలకు చంటిపిల్లగాడు ఉడికిపోతాండు!"

నర్సు గ్రేస్ మాట చెవిన పడినా యమున మూలవైపు చూడలేదు. ఆ మూలన ఉన్నదెవరో ఆమెకు తెలుసు. మరిది నగేష్ భార్య వనజ... ఆమె ఒడిలో ఏడు నెలల అఖిల్! భూపాలపల్లి బొగ్గు గనిలో నగేష్ డ్యూటీ విడవలేకపోతే, పక్క ఊళ్ళోని పుట్టింటికొచ్చిన వనజ జ్వరం, వాంతులు, విరేచనాలతో సోలిపోయిన కొడుకును ఒక్కతే ఎత్తుకుని తొర్రూరు వచ్చింది.

అది చిన్న పిల్లల దవాఖాన. కోతులు జొరబడుతున్నాయని కిటికీలకు చెక్కలు కొట్టేశారు. రెండు ఫ్యాన్లలో ఒకటి ఎప్పుడో పాడైంది. మే నెల ఎండకు పైకప్పు పెనంలా కాలుతుంటే, లోపల మందుల వాసన, తడి బట్టల వాసన, ఊపిరాడక పిల్లలు పెట్టే ఏడుపులు! తిరుగుతున్న ఆ ఒక్క ఫ్యాను కింద యమున, ఆమె అయిదేళ్ళ కూతురు హర్షిణి ఉన్నారు. జ్వరంతో తెచ్చిన హర్షిణికి ఆ మధ్యాహ్నమే ఒళ్ళు చల్లబడింది. నర్సు ఇంకా చూడలేదు. తల్లికి మాత్రమే తెలుసు.

యమున దుప్పటి తీసి కూతురి గొంతు దాకా కప్పింది.

"మా పిల్లకు ఇంకా ఒళ్ళు కాల్తనే ఉంది సిస్టర్..."

అబద్ధం! ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమే ఉలిక్కిపడింది. కానీ వెనక్కి తీసుకోలేదు... తీసుకోబుద్ధి కాలేదు! అఖిల్‌ను తొట్లెలో వేసిన ఉయ్యాల వేడుకనాడు నలుగురు ఆడవాళ్ళ ముందు వనజ నవ్వుతూ అన్న మాట ఇంకా చెవుల్లో మోగుతూనే ఉంది. "మా అత్తగారింటి దీపం నా కడుపులనే పుట్టిండు!" హర్షిణి పుట్టాక గర్భసంచి తీసేయాల్సివచ్చిన యమునకు ఆ మాట ముల్లై దిగింది. అప్పటినుంచి తోడికోడళ్ళ మధ్య మాటల్లేవు. 'ఇప్పుడు తెలుస్తది ఆమెకు...' అనుకుంది మనసులో. అనుకుని, గోడవైపు తిరిగి కూర్చుంది.

"అమ్మా... తమ్ముడు ఏడుస్తాండే. మనం ఆడికి పోదామా?" అంది హర్షిణి.

"కండ్లు మూసుకో! పండుకో!" కసురుకుంది యమున.

కాసేపటికి ఏడుపు ఆగింది. నిద్రపోయాడనుకుంది. అంతలోనే మూలనుంచి గుండెలు పగిలేలా కేక!

"అయ్యో... నా కొడుకు! సిస్టర్... నా కొడుకు కండ్లు తేలేస్తాండు!"

పసివాడి చేతులు కాళ్ళు కొట్టుకుంటున్నాయి. పెదవులు నల్లబడ్డాయి. డాక్టరు పరుగున వచ్చి ఇంజక్షన్ ఇచ్చాడు. "జ్వరం బాగా ఎక్కువై ఫిట్స్ వచ్చినయమ్మా. ఈ ఉక్కల చంటిపిల్లగానికి ఒంటి వేడి దిగదు. జల్ది వరంగల్ తీస్కపోవాలె!" అన్నాడు. అంబులెన్సు ఎక్కబోతూ వనజ గిరుక్కున వెనక్కి తిరిగింది. ఇన్నాళ్ళ కోపం మరిచి యమున చేయి గట్టిగా పట్టుకుంది.

"అక్కా... నువ్వు బిడ్డను చూసుకో. నీ బిడ్డకింకా జ్వరం తగ్గలేదట గదా! నా కొడుకు కోసం జర దేవునికి మొక్కు అక్కా..."

ఆ మాటకన్నా ఆమె తిట్టినా బాగుండేది! వనజ యమున బిడ్డ గురించి దిగులు పడుతోంది... యమున అబద్ధాన్ని నమ్మి!

సాయంత్రం భర్త గోవర్ధన్ రాగానే యమున కిటికీ చెక్కలు ఊడబీకమని పట్టుబట్టింది. "కోతులొస్తే నేను కాపలా కూసుంట!" అంది. గాలి లోపలికి వచ్చింది. వెచ్చటిదే అయినా గాలి! ఫ్యాను కింది మంచం మీద వేరే చంటిబిడ్డను పడుకోబెట్టింది. ఆ తల్లి రెండు చేతులెత్తి దండం పెడుతుంటే యమున చూడలేకపోయింది. ఈ పని మధ్యాహ్నమే చేసి ఉంటే...!

ఒళ్ళో ఉన్న హర్షిణి తల్లి గడ్డం పట్టుకుని అడిగింది. "నాకు జ్వరం లేకుండె గదనే. మరి ఉన్నదని ఎందుకు చెప్పినవ్?"

తెల్లవారగానే యమున కూతురిని భర్తకు అప్పగించి వరంగల్ బస్సెక్కింది.

పెద్ద దవాఖానలో అత్యవసర వార్డు బయట వనజ గోడకు ఆనుకుని కూర్చుంది. కబురందగానే గని నుంచి వచ్చిన నగేష్ మందుల కోసం వెళ్ళాడట. పిల్లవాడికి ఫిట్స్ ఆగాయి, కళ్ళు తెరిచాడు కానీ ఇంకా తల్లిని గుర్తుపట్టడం లేదు.

"వనజా..." యమున ఆమె ముందు నేల మీద కూలబడింది. "నేను అబద్ధం చెప్పిన. హర్షిణికి అప్పటికే జ్వరం తగ్గింది. మంచం ఇయ్యొచ్చు... ఇయ్యలే. తెలిసే ఇయ్యలే!"

వనజకు ఏడుపు కూడా రాలేదు.

"ఎందుకక్కా?"

తొట్లె నాటి మాట యమున నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్ని నెలలు రాత్రింబవళ్ళు తనను కాల్చిన మాట... ఆ తలుపు అవతల పడుకున్న పసివాడి ముందు ఎంత చిన్నదైపోయింది! చెప్పడానికే సిగ్గేసింది. తల వంచుకుని, "నా బుద్ధి గడ్డి తిన్నది" అని మాత్రం అంది.

వనజ చేయి ఎత్తింది. కొడుతుందనుకుంది యమున, కొట్టాలనే కోరుకుంది! ఆ చేయి గాల్లోనే ఆగి, ఒళ్ళో పడిపోయింది. ఇక ఉండబుద్ధి కాక యమున కొంగు నోట్లో కుక్కుకుని లేచింది. రెండడుగులు వేసిందో లేదో వెనకనుంచి మాట వినబడింది.

"నేను మరిచిపోలేనక్కా... సచ్చేదాకా మరిచిపోలేను." "కానీ లోపలినుంచి ఎవరన్నా నా పేరు పెట్టి పిలిస్తే నాకు కాళ్ళాడయి. ఒక్కదానికి భయమైతాంది... పోకు."

యమున వెనక్కి వచ్చింది. కాస్త ఎడంగా, అదే గోడకు ఆనుకుని కూర్చుంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు.