కత్తెర తగిలించే మేకు

గోడ మీది మేకు ఖాళీగా ఉంది!

పద్దెనిమిదేళ్ళుగా పొద్దున్నే ఆమె చెయ్యి వెతుక్కునే మొదటి వస్తువు ఆ కత్తెరే. అత్తగారు ముప్ఫయ్యేళ్ళు వాడి, కోడలు కాపురానికి వచ్చిన రెండో నెలలో, "ఇకనుంచి కటింగ్ నీదే బొత్తాం!" అంటూ తన చేత్తో అందించిన ఇత్తడి పిడి కత్తెర! పొట్టిగా, గుండ్రంగా ఉందని కోడలికి ఆ పేరు పెట్టింది కూడా ఆవిడే. ఇంటి ముందుగదే వాళ్ళ కుట్టుకొట్టు. చేతికర్ర ఆన్చి, కుడికాలు ఈడ్చుకుంటూ బొత్తాం కటింగ్ బల్ల చుట్టూ తిరిగింది. గుండీల డబ్బా వెనక వెతికింది. పాత గుడ్డల మూట విప్పింది. ఎక్కడా లేదు...

"ఏమండీ, కత్తెరేదీ?"

ఇస్త్రీ చేస్తున్న భర్త తలెత్తలేదు. నాలుగుసార్లు అడిగితే గానీ నోరు విప్పని మనిషి. ఈసారి రెండోసారికే, "అమ్మనడుగు" అన్నాడు.

"నేనే దాచాను!" లోపలి నుంచే అత్తగారి గొంతు ఖంగుమంది. "నిన్న నీ చేతిలోంచి జారి ఎక్కడ పడిందో చూశావా? నీ పాదానికి బెత్తెడు దూరంలో! నా ప్రాణం పోయినంత పనైంది. ఇక కటింగ్ నేనూ నీ కూతురూ చూసుకుంటాం. నువ్వు హాయిగా కూర్చో."

హాయిగా కూర్చోవాలట! బొత్తాం కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"అది కూడా తీసేసుకుంటే... ఈ కొట్లో నేనింకెందుకు అత్తయ్యా?"

అత్తగారు గుమ్మం దాకా వచ్చింది. ఆవిడ కళ్ళూ తడిసే ఉన్నాయి. అది కోడలికి కనిపించకుండా అటు తిరిగింది.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. నరాల మీది పూత అక్కడక్కడా చెడిపోతుందట, మెదడు పంపిన కబురు చేతికీ కాలికీ సరిగా అందదట. ఒకరోజు బాగుంటుంది. మర్నాడు మంచం దిగాలంటే కొండ ఎక్కినంత అలసట. వేలికొసలకు ఎప్పుడూ తొడుగు తొడుక్కున్నట్టే ఉంటుంది. సూది చేతిలో ఉందో లేదో చూసి తెలుసుకోవాలి! మొదటి ఆరు నెలలూ ఆమె ఏడవని రోజు లేదు.

అప్పుడే వ్యాయామం నేర్పే అమ్మాయి ఒక సాధన చెప్పింది. "రోజూ పావుగంట కళ్ళు మూసుకుని కూర్చోండి ఆంటీ. ముందు ఊపిరి మీద ధ్యాస పెట్టండి. తర్వాత కాలివేళ్ళ నుంచి తలదాకా ఒక్కొక్క చోటికీ వెళ్ళి, ఇప్పుడు ఇక్కడ ఏముందో చూడండి. తిమ్మిరి ఉంటే తిమ్మిరే, వేడి ఉంటే వేడే. దాంతో పోట్లాట పెట్టుకోకండి. మనసు పక్కకు పోతే పిలుచుకొచ్చి మళ్ళీ మొదలుపెట్టండి."

బొత్తాం దానికి 'హాజరు తీసుకోవడం' అని పేరు పెట్టుకుంది. కుడిపాదం చాలా రోజులు గైర్హాజరు. వేలికొసలు పిలిస్తే పలకవు. కానీ మణికట్టు లోపలివైపు, చెంప... అవి ఎప్పటిలాగే పలికేవి! పోయినవాటి మీదే పెట్టుకున్న దృష్టి మెల్లగా ఉన్నవాటి వైపు తిరిగింది. జబ్బు తగ్గలేదు గానీ, జబ్బును చూసి బెదరడం తగ్గింది.

"ఏమే, హాజరయిందా? ఎవరెవరు బడి ఎగ్గొట్టారు?" అని అత్తగారు వేళాకోళం చేసేది. కళ్ళు మూసుక్కూర్చుంటే ఒరిగేదేమిటో ఆవిడకు ఎంతకీ అర్థం కాలేదు.

సరిగ్గా ఆవిడ కత్తెర దాచిన వారమే పిల్లల పాటల బృందానికి పన్నెండు గౌన్లు కుట్టాల్సి వచ్చింది. ముదురు ఎరుపు వెల్వెట్! పెద్ద వేదిక మీద పాట. ఎనిమిది రోజుల గడువు. బట్ట సరిగ్గా సరిపోయేంతే ఉంది, జానెడు కూడా ఎక్కువ లేదు.

బొత్తాంను కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, అత్తగారూ మనవరాలూ కటింగ్ మొదలుపెట్టారు. ఒక్కో గౌనుకు నాలుగు ముక్కలు, నాలుగూ ఒకే తీరు. పైన సన్నం, కింద వెడల్పు. నలభై ఎనిమిదేళ్ళ అలవాటు కొద్దీ అత్తగారు ఒక ముక్క నిటారుగా, దాని పక్క ముక్క తలకిందులుగా పరిచింది. అలా వేస్తే గుడ్డ పీలికంత కూడా వృథా కాదు మరి! రెండు గౌన్ల ముక్కలు తెగాయి. "అమ్మా, ఇవి పట్టుకో" అంటూ కూతురు వాటిని తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది.

ఏడ్చి లాభం లేదని బొత్తాం అప్పటికే హాజరు మొదలుపెట్టింది. ఊపిరి... పాదాలు... మోకాళ్ళు... చేతులు. మణికట్టు దగ్గరికి రాగానే ఒళ్ళోని వెల్వెట్ తగిలింది. ఎంత మెత్తగా ఉందో! తెలియకుండానే పెదవుల మీదికి నవ్వొచ్చింది. పై ముక్క మీద మణికట్టు కిందికి జరిపింది. జారిపోయింది. రెండో ముక్క మీద జరిపింది. గరగర అడ్డం పడింది! కళ్ళు తెరిచి, చెంపకు ఆనించి మళ్ళీ చూసింది.

"ఆపండి! అత్తయ్యా, కత్తెర ఆపండి!"

పడిపోయిందేమోనని ముగ్గురూ పరుగెత్తుకొచ్చారు.

"నూగు ఎదురుతిరిగింది అత్తయ్యా! వెల్వెట్ నూగు ఒకవైపే వాలి ఉంటుంది, ముక్కలకు తలా కాళ్ళూ మార్చకూడదు. ఒక ముక్క ముదురుగా, పక్క ముక్క వెలిసినట్టు కనిపిస్తుంది!"

కూతురు రెండు ముక్కలు పక్కపక్కన ఎత్తి పట్టుకుంది. కిటికీ వెలుగులో అవి రెండు వేర్వేరు బట్టల్లా ఉన్నాయి. శుక్లాలు ముసిరిన అత్తగారి కళ్ళకు బల్ల మీద తేడా తెలియలేదు గానీ, ఇప్పుడు స్పష్టంగా తెలిసింది. అత్తగారు కూలబడిపోయింది.

"అయ్యో... పిల్లల బట్ట! నా చేత్తో నేనే పాడుచేశానే! అన్నీ ఒకవైపే వేస్తే ఇంకో మూడు గౌన్లకు గుడ్డ చాలదు..."

బొత్తాం కళ్ళు మూసుకుంది. పోట్లాడకు, ఏముందో చూడు అని తనకు తానే చెప్పుకుంది. మూడు ఊపిరులు తీసుకుంది. మణికట్టుతో ఒక్కొక్క ముక్కా తడిమి రెండు దొంతరలు పెట్టింది. నూగు పైకి ఉన్నవి నాలుగు, కిందికి ఉన్నవి నాలుగు!

"పాడవలేదు అత్తయ్యా! ఈ నాలుగూ ఒక గౌను, ఆ నాలుగూ ఇంకో గౌను. మిగతావీ మీరు పరిచినట్టే పరుద్దాం. ఆరు ముదురు, ఆరు లేత! ముదురువి ముందు వరస, లేతవి వెనక వరస. చేతుల ముక్కలూ అలాగే విడదీద్దాం. కానీ ప్రతి ముక్క వెనకా సుద్దతో బాణం గుర్తు నేనే పెట్టాలి. కత్తెర కూడా నాక్కావాలి."

అత్తగారు లేచి లోపలికి వెళ్ళింది. తన దిండు గలీబులోంచి ఇత్తడి పిడి కత్తెర తీసుకొచ్చింది. రాత్రంతా తలకింద పెట్టుకునే పడుకుంది పిచ్చి తల్లి!

"నిన్ను కూర్చోబెడితే కాపాడినట్టే అనుకున్నానే..." ఆవిడ కత్తెరను కోడలి ఒళ్ళో పెట్టింది. "భయపడి నీ చేతులు కట్టేశాను. క్షమించవే బొత్తాం!"

"అత్తయ్యా! మీ భయం నాకు తెలియదా?" కోడలు ఆ ముడతల చేతులు తన చెంపకు ఆనించుకుంది. ఇద్దరూ ఏడ్చారు, ఏడుస్తూనే నవ్వారు.

"వెల్వెట్ మీద కన్నీళ్ళు పడితే మచ్చలు పోవు. ఇస్త్రీ చేసేది నేను" అన్నాడు భర్త. ఎవరూ అడగకుండా ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి!

ఆమె కూర్చునే కత్తిరించింది. పది నిమిషాలు పని, పది నిమిషాలు విశ్రాంతి. చెయ్యి బరువెక్కగానే దాచుకోకుండా చెప్పింది. అప్పుడు ఆమె గీసిన గీత వెంటే అత్తగారు కత్తిరించింది. మధ్యలో ఒక రోజు కాళ్ళు అసలు లేవలేదు. "ఇవాళ వీటికి సెలవు" అని నవ్వి మంచం మీద నుంచే బాణాలు గీసింది.

వేదిక మీద దీపాలు వెలిగేసరికి పన్నెండు గౌన్లూ రెండు వరసల్లో మెరిశాయి. "ఈ రెండు రంగులూ ఎక్కడ దొరికాయండీ?" అని పాటల టీచరు ఆశ్చర్యపోతే, అత్తగారు ఠీవిగా, "మా కోడలి మణికట్టులో!" అంది.

మర్నాడు పొద్దున బొత్తాం ముందుగదిలోకి వచ్చేసరికి అత్తగారు సుత్తి పట్టుకుని కిటికీ పక్క కుర్చీ దగ్గర ఉంది. పాత మేకు పీకేసి, కూర్చుంటే చేతికందే ఎత్తులో కొత్త మేకు కొట్టింది. దానికి ఇత్తడి పిడి కత్తెర వేలాడుతోంది. తర్వాత తనూ ఒక కుర్చీ లాక్కొచ్చుకుని, కోడలి పక్కన చతికిలబడి, గట్టిగా కళ్ళు మూసుకుంది.

"ఊఁ, మొదలుపెట్టు హాజరు. ముందుగా చెబుతున్నా, నా మోకాళ్ళు పలకవు."