తాళం తిప్పితే టక్

ఊరు దాటగానే వచ్చే మలుపులో తలుపుల్లేని ఖాళీ ఇల్లు ఒకటుంది. రాత్రిపూట దాని ముందు బండి ఆపితే మళ్ళీ కదలదని అందరూ చెప్పుకునేవాళ్ళు. తాళం తిప్పితే 'టక్' మంటుందట... అంతే. ఆ ఇంట్లోదేదో వచ్చి బండి గొంతు పట్టుకుంటుందట.

ఈ మాట ఎవరెత్తినా ఊళ్ళో మెకానిక్కు పడీ పడీ నవ్వేవాడు. అక్కణ్ణుంచి తాను మూడు బళ్ళు లాక్కొచ్చాననీ, ఆ మూడు బళ్ళలోనూ దొరికిన దెయ్యం తుప్పు పట్టిన బ్యాటరీ తీగేననీ చెప్పేవాడు.

ఊళ్ళో బళ్ళన్నిటికీ వైద్యం చేసే ఆ పెద్దమనిషి సొంత వ్యానుకి మాత్రం నెల రోజులుగా అదే జబ్బు. లైట్లు ధగధగా వెలుగుతాయి — అంటే బ్యాటరీ బాగానే ఉంది. తాళం తిప్పితే మాత్రం ఒక్క 'టక్'. ఇంజన్‌ని లేపే సెల్ఫ్ మోటారు బిగుసుకుపోతోంది. కొత్తది వెయ్యమని తండ్రి పోరుతూనే ఉన్నాడు. రేపు వేస్తానని కొడుకు దాటేస్తూనే ఉన్నాడు.

ముసలాయనా ఒకప్పుడు మెకానిక్కే. రోజూ పొద్దున్నే పొడుగు పానా పట్టుకుని వ్యాను కిందికి దూరేవాడు. కొడుకు తాళం తిప్పి పట్టుకుంటే, ఆయన కింద నుంచి మోటారు మీద కొట్టేవాడు. రెండు దెబ్బలు... కాస్త ఆగి, ఇంకొకటి. బండి లేచేది. తిప్పుతుండగానే కొట్టాలి కాబట్టి ఇద్దరుండాలి. ఇద్దరం ఉన్నాం కదా, తొందరేముంది అనుకున్నాడు కొడుకు.

ఒక రాత్రి తండ్రికి గుండెల్లో నొప్పొచ్చింది. కొడుకు తన భార్య తాళం తిప్పితే, తనే కిందికి దూరి కొట్టి వ్యానుని లేపాడు. ఆమెని పిల్లల దగ్గర ఉంచి, తండ్రిని వెనక సీట్లో పడుకోబెట్టి, తలుపు బయటినుంచి వేశాడు. ఆ తలుపు లోపలి పిడి ఎప్పుడో విరిగిపోయింది. అదీ రేపటి పనే.

సరిగ్గా ఆ ఇంటి ముందుకొచ్చేసరికి వెనక నుంచి తండ్రి ఏదో గొణిగాడు. ఇంజన్ మోతలో వినబడలేదు. కంగారుగా బండిని పక్కనున్న మెత్తటి మట్టిలోకి దించాడు. ఆ కంగారులోనే, చెయ్యి అలవాటుకొద్దీ తాళం వెనక్కి తిప్పేసింది.

అంతా నిశ్శబ్దం...

"ఇంజన్ ఆపకురా..." అంటున్నాడు తండ్రి.

తాళం తిప్పాడు. టక్.

మళ్ళీ తిప్పాడు... టక్.

ఫోన్ చేస్తే, అంబులెన్సు రావడానికి గంట పడుతుందన్నారు. ఊళ్ళోవాళ్ళని పిలుద్దామంటే అంతలోనే ఫోన్ చచ్చింది, తండ్రిని వదిలి పోలేడు. పానా తీసుకుని కిందికి దూరి కొట్టాడు. పరుగెత్తుకొచ్చి తిప్పాడు — టక్. వెనక నుంచి తోశాడు. మట్టిలో దిగబడ్డ చక్రం జానెడు కూడా కదల్లేదు. మళ్ళీ దూరాడు, మళ్ళీ కొట్టాడు, మళ్ళీ పరుగెత్తాడు. రోగం తెలుసు, మందూ తెలుసు. ఇంకో మనిషి లేడు, అంతే. ఆ ఇల్లు నల్లగా నోరు తెరుచుకుని చూస్తోంది.

చివరికి పానా వ్యాను కిందే వదిలేసి సీట్లో కూలబడ్డాడు. ఏడుపొచ్చేసింది. వెనక నుంచి ఇందాకటి ఊపిరి చప్పుడు... వినబడ్డం లేదు. తిరిగి చూడ్డానికి ధైర్యం చాలలేదు.

"నాన్నా... నావల్ల కావట్లేదు" అన్నాడు గొణుగుతున్నట్టు.

తాళం తిప్పి, అలాగే పట్టుకున్నాడు. టక్.

అప్పుడు... వ్యాను కింద...

టంగ్. టంగ్...

టంగ్.

ఇంజన్ లేచింది.

కొట్టిందెవరో దిగి చూడలేదు. ఆ ఇంటి వైపు కన్నెత్తలేదు. మట్టిలోంచి బండిని ఒక్క ఉదుటున లాగి పావుగంటలో ఆసుపత్రికి చేర్చాడు. వెనక తలుపు బయటినుంచి తనే తీశాడు.

డాక్టరమ్మ నాడి చూసింది. ప్రాణం పోయి అరగంట పైనే అయిందని మెల్లగా చెప్పింది.

నర్సు ముసలాయన చేతులు గుండెల మీదికి సర్దబోయి, ఆగిపోయింది.

"మంచం మీంచి నేరుగా తీసుకొచ్చానన్నారు కదండీ... ఈ కుడిచేతికి తడిమట్టీ, గ్రీజూ ఎక్కడివి?"

బయట వ్యాను ఇంజన్ ఇంకా నడుస్తూనే ఉంది. దాన్ని ఆపడానికి అతనికి చెయ్యి రాలేదు.