ఎడమవైపు నుంచి పిలిస్తే

పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చిన ఆపరేటరమ్మ అక్కడే ఆగిపోయింది. లోపల కోడలు, మనవరాలు గుసగుసలాడుకుంటున్నారు. "నానమ్మ... హోమ్... సోమవారంలోగా ఇచ్చెయ్యాలి కదా? ఆవిడకి తెలియనివ్వకు."

ముప్పయ్యేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసిన మనిషి. రిటైరై ఎన్నాళ్ళయినా వీధిలో అందరికీ ఆపరేటరమ్మే. అవతలివాడు దగ్గినా ఎవరో పోల్చేస్తుందని ఒకప్పుడు పేరు. ఇప్పుడు చెవికి అందినవి నాలుగు ముక్కలే. అయితేనేం, మిగతాది ఆవిడే అతికించుకుంది. తనను వృద్ధుల హోమ్‌లో పడేస్తున్నారు.

అనుమానం ఇవాళ్టిది కాదు. రెండు వారాలుగా మనవరాలి వాలకమే బాగాలేదు. మెట్లు దిగుతుంటే వెనకాలే నిలబడుతుంది, మాత్ర వేసుకుంటే గడియారం చూస్తుంది. అసలు ఆ పిల్ల చదివే సర్కారు బడి మీదే ఆవిడకు మంట. కింద గదుల్లో కరెంటు వైరింగు నేర్పుతారు. పై గదిలో నాలుగు మంచాలు, ఓ రబ్బరు బొమ్మ పెట్టి రోగులకు సేవ చెయ్యడం నేర్పుతారట. బడికి పంపింది చదువుకోడానికా, పక్కలు పరవడానికా అని పిల్ల చేరిన రోజే మూతి ముడుచుకుంది.

పిల్ల స్నానానికి వెళ్ళగానే ఆవిడ చెయ్యి స్కూలు సంచీలో దూరింది. అట్టవేసిన నోటు పుస్తకం ఒకటి దొరికింది. తెరిచి చదివింది.

"వయసు డెబ్బై రెండు. ఎడమవైపు నుంచి పిలిస్తే పలకదు. టీవీ సౌండు బాగా పెంచుతుంది. అడిగింది ఒకటైతే చెప్పేది ఇంకొకటి. వినపడటం లేదని మాత్రం ఒప్పుకోదు."

ఓహో, కేసు పకడ్బందీగానే కడుతున్నారన్నమాట.

కొడుకు సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీకి గుండీలు పెట్టుకుంటున్న అతని ముందు పుస్తకం విసిరేసింది.

"నేను బరువైపోయానని మొహం మీదే చెప్పచ్చుగా. చాటుగా చార్జిషీటు రాయించడం దేనికి?"

"పొద్దున్నే ఏంటమ్మా ఇది?"

"సోమవారం నన్ను హోమ్‌కి పంపేస్తున్నారు. నీ పెళ్ళాం చెప్తుంటే ఈ చెవులతో విన్నాను."

కోడలు గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. "హోమ్ కాదత్తయ్యా, హోమ్‌వర్క్. ఇంట్లో పెద్దవాళ్ళని రెండు వారాలు గమనించి రాయమని బళ్ళో ఇచ్చారు. మీరు చిన్నబుచ్చుకుంటారని నేనే చెప్పొద్దన్నాను."

"నాకు కథలు చెప్పకు."

"నిన్ను పంపించేస్తే నాతో పోట్లాడేదెవరమ్మా?" అన్నాడు కొడుకు. ఆవిడ అటు చూడనైనా చూడలేదు.

తడిజుట్టుతో వచ్చిన మనవరాలు పుస్తకం తీసి, చివరి పేజీ తిప్పి నానమ్మ చేతిలో పెట్టింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. 'ఈ వ్యక్తి కోసం ఇంట్లో ఏం మార్చాలి?' అన్న ప్రశ్న కింద పిల్ల రాత.

"నానమ్మ మారక్కర్లేదు. మేమే కుడివైపు కూర్చోవాలి. మొహం చూస్తూ మెల్లగా మాట్లాడాలి. మేం నవ్వుకుంటుంటే తనూ నవ్వుతుంది, ఎందుకు నవ్వుతున్నామో తెలియకుండానే. అది చూస్తే నాకు ఏడుపొస్తుంది."

అది నిజం. నాలుగేళ్ళుగా ఎవరూ కనిపెట్టలేదనే అనుకుంది. ఇంట్లోంచి పంపేస్తారని వణికిపోయింది గానీ, ఈ ఇంటి మాటల్లోంచి తనే ఎప్పుడో బయటికెళ్ళిపోయింది. కూర్చున్నచోటే కళ్ళు కొంగుతో ఒత్తుకుంది. పిల్ల సంచీ వెతికినందుకు సిగ్గేసింది.

ఎడమ పక్కన నిలబడ్డ మనవరాలు ఏడుపు గొంతుతో ఏదో అంది. ఆవిడ అలవాటు కొద్దీ నవ్వి తలూపబోయి, ఆగిపోయింది. నోటికొచ్చింది, ఉద్యోగంలో రోజుకు వందసార్లు అన్న మాటే. అప్పుడైతే తప్పు లైనుది.

"మళ్ళీ చెప్పు తల్లీ," అంది. "నాకు వినపడలేదు."