తిరగేసిన బండలు

ఏసమ్మ వంటింట్లో జారిపడిన రోజు శనివారం. ఆ సాయంత్రం ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన ఉంది. కొడుకు ఫ్రాన్సిస్‌కు ఉద్యోగం పర్మినెంట్ అయినందుకు ఆమే పెట్టించుకున్న ప్రార్థన అది. కోడలు దివ్య తెల్లవారి ఐదింటికే లేచి ఇల్లంతా తడిగుడ్డ పెట్టింది. ఆరింటికి ఏసమ్మ చాయ పెట్టుకోవడానికి వంటింట్లోకి వచ్చింది. పొయ్యి దాకా చేరలేదు.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే అయిందన్నారు. పంతొమ్మిదో రోజున, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టి ఆమె పోయింది.

సమాధి చేసి వచ్చి అందరూ వాకిట్లో కూర్చున్నప్పుడు, వర్ధన్నపేట నుంచి వచ్చిన ఏసమ్మ ఆడబిడ్డ యాకమ్మ నోరు తెరిచింది.

"తడి ఆరకముందే మోకాళ్ల నొప్పుల మనిషిని వంటింట్లకు ఎట్ల రానిచ్చిన్రు?"

నెక్కొండ నుంచి వచ్చిన దివ్య తల్లి శకుంతల అక్కడే ఉంది. యాకమ్మ ఆమె వైపు తిరిగి, "బిడ్డకు డిగ్రీ దాక చదువు చెప్పిచ్చినవు గని, బండలు తుడుసుడు నేర్పియ్యకపోతివి" అంది. శకుంతల ఆ సాయంత్రం రైలుకే వెళ్లిపోయింది. తర్వాత ఫోన్లు చేసింది గాని, ఆ గడప తొక్కలేదు.

దివ్య మామ సుందర్ రావు తెలుగు పంతులుగా ముప్ఫై నాలుగేండ్లు పనిచేసి రిటైరైనవాడు. ఆ రోజు ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. ఇంటి పెద్ద కాదనలేదు కాబట్టి యాకమ్మ అన్న మాటే నిజమై నిలిచింది. చర్చిలో, వీధిలో, చుట్టాల్లో అదే మాట తిరిగింది. చివరికి దివ్య కూడా దాన్ని నమ్మింది.

అప్పటి నుంచి ఆమె వంటింటిని గట్టిగా పిండిన గుడ్డతో తుడుస్తోంది. వెంటనే పొడిగుడ్డతో ఒకసారి, మళ్లీ ఇంకోసారి. ఆ తర్వాత తనే వట్టి కాళ్లతో నడిచి చూసుకుంటుంది. పొయ్యి ముందున్న రెండు బండల మీద మాత్రం అడుగు పెట్టదు. పక్కనుంచి చెయ్యి చాపి వండుతుంది.

ఖిలా వరంగల్‌లోని ఆ ఇల్లు సుందర్ రావు తండ్రి కట్టించింది. వంటింట్లో ముప్ఫై షాబాద్ బండలు. యాభై ఏండ్ల నడకకు అవి అద్దంలా నున్నబడ్డాయి.

నాలుగు నెలల తర్వాత ఒక ఉదయం, ఉప్మా వడ్డిస్తూ దివ్య అంది.

"వంటింట్ల నేల మార్పిద్దామండి. నాతోని అయితలేదు."

ఫ్రాన్సిస్ పళ్లెంలోంచి తల ఎత్తలేదు. "దవాఖాన ఖర్చుల నుంచే ఇంక తేరుకోలే. ఇప్పుడు బండలు తవ్విపిస్తే తక్కువ అయితదా?"

"తవ్వుడెందుకు? వాటి మీదనే టైల్స్ అతికిస్తరట. పక్కింటి చిలుకమ్మక్క వాళ్లు గట్లనే ఏపిచ్చుకున్నరు. అడుగుకు ముప్ఫై, ముప్ఫై అయిదుల వచ్చేటియి చూద్దాం."

"బాపూ, నువ్వేమంటవ్?"

సుందర్ రావు చాయ గ్లాసు కింద పెట్టాడు. "అమ్మాయి ఇష్టం" అన్నాడు. గ్లాసు మళ్లీ అందుకుని, "తొందరగా చేయించండి" అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ టైల్స్ దుకాణానికి పోయారు. దుకాణపాయన మెరిసే తెల్ల టైల్స్ చూపించాడు, పూల టైల్స్ చూపించాడు, కట్ట విప్పి ప్లాస్టిక్ షీటు పరిచాడు. దివ్య చెప్పులు విడిచింది. సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఒక్కోదాని మీద కొన్ని నీళ్లు పోసి, పాదంతో రుద్ది చూసింది.

"ఏంది మేడం, మొక్కలకు పోసినట్టు పోస్తున్నరు" అని నవ్వాడు దుకాణపాయన.

దివ్య నవ్వలేదు. మూలకు ఉన్న మట్టిరంగు గరుకు టైల్ మీద ఆమె పాదం ఆగింది. "ఇది."

"అది బాత్రూంలకు ఏస్తరమ్మా. కిచెన్‌ల నూనె మరకపడితే పోదు. ఇంటికి వచ్చినోళ్లు ఏమనుకుంటరు?"

"అననీ. మా ఇంట్ల పడేటోళ్లు మాత్రం ఉండొద్దు."

ఫ్రాన్సిస్ అవతలి వైపు చూశాడు. తర్వాత జేబులోంచి బయానా డబ్బులు తీసి ఇచ్చాడు.

మంగళవారం ఉదయం మేస్త్రీ సుదర్శన్ వచ్చాడు. టైల్స్ డబ్బాలు వరండాలో దించి ఉన్నాయి. ముందు రోజే వచ్చిన యాకమ్మ మంచం మీద కూర్చుని ఆకు నములుతోంది. ఏసమ్మ పోయినప్పటి నుంచి ఆమె ఎప్పుడు వచ్చినా దివ్య చేతి చాయ తాగదు. "కడుపుల మంట" అంటుంది.

సుదర్శన్ వంటింటి మధ్యన గొంతుక్కూర్చుని చెంబెడు నీళ్లు తెమ్మన్నాడు. కాసిన్ని చిలకరించాడు. నీళ్లు బండ మీద పరుచుకోలేదు, తామరాకు మీది బొట్లలా నిలబడ్డాయి. సుత్తె పక్కన పెట్టి, ఉలితో బండ పైపొర గీకాడు. ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు.

"వీటి మీద టైల్స్ నిలబడయ్ అన్నా" అన్నాడు ఫ్రాన్సిస్‌తో. "బండలు నూనె తాగినయ్. గమ్ము పట్టదు. రేపు ఏస్తే ఎల్లుండి లేస్తయ్."

"అదెప్పటిదో" అంది యాకమ్మ గడప దగ్గరికి వస్తూ. "మా మరదలు ప్రతి క్రిస్మస్‌కు కొబ్బరినూనెల జర కిరసనాయిలు కలిపి రుద్దేది. నల్లగ నిగనిగలాడాలె ఆమెకు."

"అది వేరు పెద్దమ్మా. రుద్దినంక తవుడు చల్లి తుడుస్తరు, మా అమ్మ గూడ గంతే. తవుడు మిగిలిన నూనెనంత గుంజుకుంటది. ఇది తుడువలే. చూడు, పొయ్యి ముంగట సందులల్ల ఇంక జిగట ఉన్నది. ఎవరో బాగ పోసి ఇడిచిపెట్టిన్రు. దీని మీద చుక్క నీళ్లు పడ్డా మనిషి నిలబడడు."

దివ్య చేతిలోని చెంబు కింద పెట్టింది.

"పోయిన క్రిస్మస్‌కు అత్తమ్మ రుద్దలేదు" అంది మెల్లగా. "కూసుంటే లేవలేకపోయేది."

"మరి ప్రార్థన ఉన్నదని ముందుదినం తనే రుద్దుకున్నదేమో" అంది యాకమ్మ. "మొండిది. ఒకరు చెప్తే ఇనదు. తన చేటు తనే తెచ్చుకున్నది పాపం."

"కాదు."

సుందర్ రావు గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు.

"నేను రుద్దిన."

సుదర్శన్ లేచి, ఎవరూ చెప్పకుండానే, వాకిట్లోకి వెళ్లిపోయాడు.

"శుక్రవారం పొద్దుగూకే యాళ్లకు" అన్నాడు సుందర్ రావు. "మీరిద్దరు ప్రార్థనకు సామాను తెచ్చుటానికి బజారు పోయిన్రు. మీ అత్తమ్మ, అందరు వస్తరు, బండలు తెల్లబారినయ్, ఎవరితోనన్న రుద్దియ్యరాదా అన్నది. ఎవరెందుకు, నేనే రుద్దుత అన్న. కొబ్బరినూనె సీసా మొత్తం పోసిన. మెరిసినయ్. ఆమె గడప కాడ నిలబడి చూసి సంబురపడ్డది. తుడిచినవా అని అడిగింది. తుడిచిన అన్న. మీరు రాత్రి బయటనే తిని వచ్చిన్రు, వంటింట్లకు మల్ల ఎవరు పోలే."

ఆయన పొయ్యి ముందున్న బండల వైపు చూశాడు.

"గుడ్డతోని తుడిచిన. తవుడు సంగతి నాకు తెలువది. నలభై ఏండ్లు ఆమె రుద్దుతుంటే పక్కన కుర్చీల కూసోని పేపర్లు దిద్దుకున్న. ఆమె ఏం చేస్తున్నదో ఒక్కనాడు చూడలే."

"నాలుగు నెలల నుంచి ఎందుకు చెప్పలే బాపూ?" ఫ్రాన్సిస్ గొంతు పెద్దది కాలేదు. అదే భయంగా ఉంది.

"సమాధి నుంచి వచ్చిన దినం చెప్పుదామనే కూసున్న. అంతల యాకమ్మక్క అన్నది. ఆ మాట అయిపోయినంక నోరు రాలే. రేపు చెప్పుదాం, రేపు చెప్పుదాం అనుకున్న."

"అత్తమ్మ మీదికి పోతే చెప్పిండ్రు" అంది దివ్య. "నా మీదికి వచ్చినప్పుడు చెప్పలే."

ఆమె అరవలేదు. మేస్త్రీ గీకిన గీతను చూస్తూ అంది.

"ఆ పొద్దుగాల నేను తుడుస్తుంటే నీళ్లు బొట్లుబొట్లు నిలబడ్డయి మామయ్యా. కొత్త గుడ్డ, నీళ్లు పీల్చుత లేదనుకున్న. ఇంకోసారి తడిపి తుడిచిన. అప్పటి నుంచి దినాం అదే యాదికొస్తది. ఆ ఇంకోసారి తుడవకపోతే అత్తమ్మ ఉండేదని. మా అమ్మ ఫోన్ చేస్తే, నాతోని తప్పయింది అమ్మా అని నేనే చెప్పిన."

సుందర్ రావు గోడ వదిలాడు. రెండు చేతులూ జోడించాడు. కోడలి ముందు మామ చేతులు జోడించడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. దివ్య గబుక్కున ముందుకు వచ్చి ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది. అప్పుడే ఆమెకు ఏడుపు వచ్చింది. పొయ్యి ముందున్న ఆ రెండు బండల మీదే కూర్చుండిపోయింది. ఆయన కూడా మోకాళ్ల మీద చెయ్యి ఆనించి ఆమె పక్కన కూలబడ్డాడు.

ఫ్రాన్సిస్ గోడకు ఆనుకుని, "నేను నోటితోని అనలే దివ్యా" అన్నాడు. "గని మనసుల అదే పెట్టుకున్న. అందుకే నీ మొకం చూడలేకపోయిన."

"నాకు తెలుసు" అంది దివ్య.

యాకమ్మ నోట్లోని ఆకు ఉమ్మేసి వచ్చింది. చాలాసేపు కొంగు అంచు మడతలు పెట్టుకుంటూ నిలబడి, చివరికి, "బిడ్డా, జర చాయ పెట్టు" అంది.

దివ్య వెంటనే లేవలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. కళ్లు తుడుచుకుని లేచి, ఐదు గ్లాసుల చాయ పెట్టింది. వాకిట్లో సుదర్శన్‌కు ఇచ్చింది. యాకమ్మకు ఇచ్చింది. సుందర్ రావు ముందు గ్లాసు పెట్టి, ఆయన తాకకపోతే, "చల్లారుతది, తాగుండ్రి" అంది.

చాయ తాగి సుదర్శన్ దారి చెప్పాడు. బండలు పగలగొట్టి పారబోస్తే ఖర్చు. వాటినే లేపి తిరగేసి వేస్తే కూలీ, సిమెంటు, ఇసుక చాలు. "అడుగు మొకం గరుకుంటది. నూనె అందాక దిగలే. మెరవయ్ గని జారయ్."

"మెరవకపోతే ఏమాయె" అన్నాడు సుందర్ రావు.

టైల్స్ దుకాణానికి వాపసు పోయాయి. నాలుగు రోజుల్లో పని అయింది. లేపేటప్పుడు ఒక బండ విరిగితే, రెండు ముక్కలూ కలిపి తలుపు మూలకు వేశాడు సుదర్శన్. నేల ఇప్పుడు మట్టిబూడిద రంగులో ఉంది. దివ్య పొయ్యి ముందు నిలబడి వండుతోంది.

తర్వాతి ఆదివారం ఆరాధన చివర సుందర్ రావు పాస్టరును అడిగి ముందుకు వెళ్లాడు. ఏసమ్మ పేరు, నూనె సంగతి, దివ్య పేరు చెప్పాడు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. వర్ధన్నపేటలో యాకమ్మ తనే ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. చెప్పేటప్పుడు తను అన్న మాట కూడా చెప్పిందో లేదో తెలియదు.

నెక్కొండ మిగిలింది. అది ఫోన్‌లో చెప్పే మాట కాదు, తనే పోయి శకుంతల ముందు కూర్చుని చెబుతానన్నాడు సుందర్ రావు. రెండుసార్లు స్టేషన్ దాకా పోయాడు. ఒకసారి టికెట్ కూడా తీసుకున్నాడు. రైలు వచ్చి పోయింది.

దివ్య ఆ టికెట్‌ను ఆయన చొక్కా జేబులో చూసి, ఉతకడానికి ముందు తీసి, ఆయన బైబిలులో పెట్టింది.

వంటింటి పని పూర్తయింది. ఆయన ఇంకా నెక్కొండ పోలేదు.