పేరు లేని పతకం

చీకటి పడ్డాక ఆ ఇనుప వంతెన ఎక్కేవాళ్లు బ్రెకన్‌లాలో ఎవరూ లేరు. చుట్టూ తిరిగి మైలు నడుస్తారు గానీ ఆ మెట్ల మీద కాలు పెట్టరు.

కింద రైలు లేదు. పట్టాలు పీక్కుపోయి ముప్పై ఏళ్లు. ఇప్పుడక్కడ ముళ్లపొదలే. బొగ్గు దొరికినన్నాళ్లూ గని దొరలకి మా ఊరు కావాలి, బొగ్గు అయిపోగానే ఊరూ అక్కర్లేదు, రైలూ అక్కర్లేదు. వంతెన విప్పడం దండగని దాన్ని మాత్రం మాకు వదిలేశారు.

దాని నడిమధ్యకి వచ్చేసరికి వినిపిస్తుంది... టిక్... టిక్... టిక్... గోటితో దువ్వెన పళ్లు మీటినట్టు.

చలికి ఇనుము ముడుచుకుంటోందిలే అని గనిలో పనిచేసిన మగవాళ్లు కొట్టిపారేశారు. అలా అన్నవాళ్లెవరూ రెండోసారి ఆ దారిన పోలేదు.

నార్మన్ హెస్లప్ పోయాడు. అతను చెప్పగా విన్నదే ఇది.

నార్మన్ గనిలో కరెంటు పని చేసేవాడు. ఒక్కడే కొడుకు, కీత్. "నా ఊపిరితిత్తుల గతి నీకు పట్టకూడదు, గనిలోకి మాత్రం దిగకు" అని వాణ్ణి తనే సైన్యంలోకి తోశాడు. గనిలో చావకూడదని పంపిన పిల్లాడు పందొమ్మిదేళ్లకి, ఎక్కడో సముద్రం నడుమ దీవుల కోసం జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధంలో, తగలబడుతున్న ఓడలో పోయాడు. వాడి బదులు ఒక చిన్న పెట్టె వచ్చింది. అందులో పతకం.

అప్పటినుంచి పతకాలే అతని లోకం. ఊరూరా సంతలు తిరిగి పాతవి కొనేవాడు. ప్రతి పతకం అంచు మీదా సైనికుడి నంబరు, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. వాటిని పట్టుకుని పాత జాబితాలు తిరగేసి, చర్చి పుస్తకాలు వెతికి, ఆ మనిషెవరో, ఎక్కడ పుట్టాడో, ఎవరి బిడ్డో తేల్చేవాడు. వందమందిని తేల్చాడు. ఒక్క కొడుకు పెట్టె మాత్రం తెరిచేవాడు కాదు. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ తాళంచెవి రాత్రిపూట కూడా అతని ప్యాంటు జేబులోనే ఉండేది.

భార్య ఎడ్నా మొదట్లో అడిగేది.

"ఒక్కసారి చేతిలో పెట్టవయ్యా."

"చెమట తగిలితే వేలిముద్ర పడుతుందే. ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకి తిరుగుతుంది, ఇక పోదు. పతకం పాడైపోతుంది."

"నా వేలేమన్నా తుప్పా?" అని బొటనవేలు చూపించేది. చిన్నప్పుడు బిస్కెట్ డబ్బాల ఫ్యాక్టరీలో రేకు కోసుకుని, దాని మీద అడ్డంగా ఒక గీత.

ఆ తర్వాత అడగడం మానేసింది. రాత్రిళ్లు నిద్ర పట్టక ముందుగదిలో కూర్చునేది. నార్మన్ మగత నిద్రలో కేకేసేవాడు: "ఏంటే ఆ చప్పుడు?"

"అల్లిక సూదులు. పడుకో."

కొడుకు పోయిన ఇరవై ఏళ్లకి, ఈమధ్య వసంతంలో, ఎడ్నా క్యాన్సర్‌తో పోయింది. ఆఖరి రోజు తనే మళ్లీ అడిగింది. నార్మన్ పెట్టె తెచ్చి మూత తీశాడు... తీసి, చచ్చిపోతున్న మనిషి చేతికి తెల్లటి నూలు గ్లౌజు తొడిగాడు. అలవాటు! ఆమె గ్లౌజు వేళ్లతో పెట్టెలోని పతకాన్ని పైపైన తడిమి, అతని మొహంలోకి చూసి, చిన్నగా నవ్వింది. "ఇక మూసెయ్" అంది.

ఆ నవ్వు అతన్ని నిద్రపోనివ్వలేదు. తిట్టినా బాగుండేది. క్షమించిందా? అసహ్యించుకుందా? ఎవర్ని అడగాలి?

చలికాలం వచ్చింది. పతకాల సంతలో డెనిస్ అనే వ్యాపారి ఒక వెండి పతకం అతని ముందుకి విసిరాడు. మొదటి ప్రపంచ యుద్ధానిది.

"బట్టతల పతకం బాబూ. పట్టుకెళ్లి కరిగించుకో."

అంచు మీద నంబరుంది. పటాలం ఉంది. మధ్యలో పేరు ఉండాల్సిన చోట నున్నగా ఉంది.

నార్మన్‌కి ఒళ్లు మండింది. కొడుకు పతకాన్ని తాగుడికి అమ్ముకునేవాళ్లు, ఎవరింటిదో తెలియకూడదని పేరు ఆకురాయితో గీకేస్తారు. అలాంటివి చాలా చూశాడు.

"థూ! వీళ్లూ తల్లిదండ్రులేనా?"

"తిట్టేది కొన్నాక తిట్టు," అన్నాడు డెనిస్.

కొన్నాడు. నంబరు పట్టుకుని వెతికాడు. వారానికి పేరు దొరికింది. జేకబ్ ఎల్స్‌డన్, గనిలో బొగ్గుబండ్లు తోసే కుర్రాడు, ఇరవై ఏళ్లు. ఊరు... బ్రెకన్‌లా. వంతెనకి అవతల ఉన్న రైల్వే వరుస ఇళ్లు. తల్లి బెల్లా.

ఆ వరుసలో ఇంకా బతికున్న పాతకాలపు మనిషి వీరా ఒక్కతే. తొంభై దాటాయి. నార్మన్ వెళ్లేసరికి రొట్టెకి బఠాణీ ముద్ద రాసుకుంటోంది.

"ఈ పతకం మీ పక్కింటి బెల్లా కొడుకుదే పిన్నీ. చూడు, పేరెలా గీకేశారో."

వీరా చెయ్యి తుడుచుకుని పతకం అందుకుంది. అంచు మీద వేలు పెట్టింది. ఆ నున్నటి చోటంతా నిమిరింది. తర్వాత తలెత్తి చూసింది.

"గీకారా? నీ మొహంరా నార్మన్! వందమంది సైనికుల చరిత్ర చదివావట, ఒక్క అమ్మ చెయ్యి చదవలేకపోయావా?"

"అంటే..."

"బెల్లాకి చదువు రాదు. ఇది పోస్టులో వచ్చిన రోజు మా పంతులమ్మ ఆమె బొటనవేలు పట్టుకుని, ఇదిగో, ఇక్కడ మొదలవుతుంది నీ పిల్లాడి పేరు, ఇక్కడ అయిపోతుంది అని చూపించింది. ఆ సాయంత్రం వంతెన మీదకెళ్లింది. వాణ్ణి రైలెక్కించి చెయ్యి ఊపింది అక్కడినుంచే. ఇక రోజూ అక్కడే... చలికాలం, వానాకాలం... గోటితో ఒక్కొక్క అక్షరం తడుముతూ. ముప్పై ఏళ్లురా! ఆకురాయి కాదు. బొటనవేలు."

"మరి సంతకెలా..."

"ఆమె పోయాక మేనల్లుడు అమ్మాడు. ఆఖర్లో మా అమ్మతో ఏడ్చేదట. వేలికి ఏమీ తగలడం లేదే, నా పిల్లాడు వెళ్లిపోయాడే అని. చేతులారా తనే అరగదీసుకుంది పిచ్చితల్లి."

నార్మన్ బయటికొచ్చేసరికి సాయంత్రం అయిదు. మా దేశపు చలికాలం, అప్పటికే కటిక చీకటి. చుట్టుదారి పట్టలేదు. సిగ్గుతో కాళ్లు ఎటు నడిపిస్తే అటే నడిచాడు. చూసుకునేసరికి వంతెన మెట్ల మీద ఉన్నాడు.

పది మెట్లు... ఇరవై... పైన మంచు. కింద పొదల్లో ఆకు కదలడం లేదు.

నడిమధ్యకి వచ్చాడు.

టిక్...

ఆగాడు.

టిక్... టిక్...

ఒళ్లు జలదరించింది. భయంతో కాదు. ఆ చప్పుడు తనకి తెలుసు! ఎక్కడో విన్నాడు... ఒకసారి కాదు, వందలసార్లు... ఎక్కడ?

కమ్మీ దగ్గర ఎవరో ఉన్నారు. శాలువా కప్పుకున్న వంగిన వీపు. పట్టాలు లేని దారి వైపు చూస్తోంది. కుడిచేతి పిడికిలి మాత్రం ఆగకుండా కదులుతోంది.

"నాయనా..." గుసగుస. "నీకు చదువొచ్చా?"

నార్మన్ తలూపాడు.

"వేలికి తగలడం లేదు నాయనా. ఎవరిదో... కొంచెం చదివిపెట్టు."

ఆమె చెయ్యి చాచింది. ఆ అరచేతిలో ఏమీ లేదు. పతకం నార్మన్ జేబులో ఉంది. తీసి, గ్లౌజు లేకుండా, ఆ చీకట్లో అంచు మీద వేలు పెట్టి, లేని అక్షరాలు చదివాడు.

"జేకబ్... జేకబ్ ఎల్స్‌డన్ అమ్మా. నీ కొడుకు."

టిక్ టిక్ ఆగిపోయింది.

మంచు... కమ్మీ... అంతే. ఎవరూ లేరు. అతని అరచేతిలో పతకం మాత్రం వెచ్చగా ఉంది, అప్పటిదాకా ఎవరో గుప్పిట పట్టుకున్నట్టు.

అప్పుడు గుర్తొచ్చింది ఆ చప్పుడు ఎక్కడ విన్నాడో.

అల్లిక సూదులు...

ఇరవై ఏళ్లలో ఎడ్నా ఒక్క స్వెట్టరు అల్లి తొడిగిందా తనకి? ఒక్క మేజోడు?

ఇంటికి పరుగెత్తాడు. ఊపిరాడని ఆ రొమ్ముతోనే పరుగెత్తాడు. బీరువా తెరిచాడు. పెట్టె తీశాడు. మఖమలు గుంటలో కూర్చున్న పతకానికి అంచు పైకి కనబడదు. అందుకే ఇన్నేళ్లూ అతను చూడలేదు. ఒట్టి చేత్తో పైకి లేపి, దీపం కింద భూతద్దం పట్టాడు.

కె. హెస్లప్.

ఆ అక్షరాల మీద మచ్చలు. గోధుమరంగువి. వేలిముద్రలు... ఒకదాని మీద ఒకటి, ఏళ్ల నాటివి. ప్రతి ముద్రకీ అడ్డంగా ఒకటే గీత.

తన ఇంట్లో, తాను కన్న పిల్లాడి పేరు తాకడానికి, మొగుడి జేబులోంచి తాళంచెవి దొంగిలించింది ఎడ్నా. ఇరవై ఏళ్లు. ఆఖరి రోజు గ్లౌజు తొడుగుతుంటే నవ్విందంటే నవ్వదూ మరి!

నార్మన్ అక్కడే నేలమీద కూలబడ్డాడు. ఆ మచ్చల మీద తన బొటనవేలు ఆనించాడు. గోటితో మొదటి అక్షరం తడిమాడు.

టిక్...

రెండోది. మూడోది.

టిక్... టిక్...

పక్కగదిలోంచి ఎవరూ అడగలేదు, ఏంటా చప్పుడని.