మూడు ఉదయాలు, నాలుగు మూతలు

ఆవిడ కుర్చీలో కూర్చుంది గానీ, కంగారు ఆవిణ్ణి కుదురుగా కూర్చోనివ్వలేదు. వచ్చిన ఐదు నిమిషాల్లో మూడుసార్లు లేచింది, నాలుగుసార్లు కిటికీలోంచి వీధిలో ఆపిన తన కారుని చూసుకుంది. ఆవిణ్ణి చూసి తోక కాలు కూడా ఊగడం మొదలెట్టింది.

తోక అంటే డిటెక్టివ్‌గారి అసిస్టెంటు. మనుషుల వెనకాలే పడి వెళ్లడం అతని ఉద్యోగం, కంగారొస్తే ఊగడం అతని స్వభావం. పేరు రెండింటికీ అతికినట్టు సరిపోయింది. ఇక డిటెక్టివ్‌గారిని అందరూ 'ఆరా' అనే పిలుస్తారు. పొద్దున లేస్తే ఆయన తీసేది అదే మరి.

"ముందు కాస్త ఊపిరి తీసుకోండమ్మా," అన్నాడు ఆరా.

"నా ఊపిరి సంగతి తర్వాత సార్. నా కారు ఊపిరి ఎవరో తీసేస్తున్నారు!"

ఆవిడ పని ముగ్గురు పేషెంట్లని పొద్దున ఆరింటికల్లా డయాలసిస్ సెంటరుకి చేర్చడం. భర్త నడిపిన కారు, భర్త కుదుర్చుకున్న కాంట్రాక్టు, ఆయన పోయాక ఈవిడ చేతికొచ్చాయి. ఇంటికి ఆధారం అదొక్కటే. అలాంటిది మూడు రోజులుగా వరసపెట్టి, తెల్లారేసరికి ఒక టైరు నేలకి అతుక్కుపోయి ఉంటోంది.

"మొదటిరోజు వెనక ఎడమది. నిన్న వెనక కుడిది. ఇవాళ ముందు కుడిది. పంచర్ షాపులో నీళ్లతొట్టిలో ముంచితే ఒక్క బుడగ రాదు సార్!"

"స్టెప్నీ లేదా?"

"తీసేశాం. డిక్కీలో వీల్‌చైర్ పట్టాలి కదా. కాలిపంపుతో కొట్టుకుని, మా మామయ్యగారిని పక్కన ఎక్కించుకుని షాపుకి పోతున్నాను. ఈలోగా మా మరిది తన కార్లో పేషెంట్లని దింపుతున్నాడు. పక్కిల్లే లెండి. పాపం, అడగ్గానే వస్తాడు. కానీ ఇవాళ సెంటరు మేనేజరు తేల్చి చెప్పేశాడు. రేపు ఆరింటికి నా కారు గుమ్మంలో లేకపోతే వేరే కారు పెట్టుకుంటారట."

"ఈమధ్య బండికి కొత్తగా ఏమైనా చేయించారా?"

"ఏమీ లేదు సార్. ఆ... టైర్లకి గాలి మూతలు మార్చాం. అదో పెద్ద విషయమా?"

"పెద్ద విషయాలు పోలీసులకి పోతాయమ్మా. నేను చిన్నవాటి మీదే బతుకుతున్నాను. చెప్పండి."

పాత ప్లాస్టిక్ మూతలు ఎండకి పగిలిపోతే, విడిభాగాల షాపుకి ఈవిడా, మామగారూ, మరిదీ కలిసి వెళ్లారట. గింజంత మూత ఎంచడానికి గంట పట్టింది. నల్ల ప్లాస్టిక్‌వే చాలంది ఈవిడ. పుర్రె బొమ్మలతో తళతళలాడేవి పట్టుకున్నాడు మరిది. 'ఆస్పత్రికి పోయే బండికి పుర్రెలేంట్రా, పేషెంట్లు మధ్యదారిలోనే దిగిపోతార్రా!' అని మామగారు లాగేసుకుని, ఇత్తడివి నాలుగు ఎంచారు. ఒక్కో మూతా కళ్లజోడు పెట్టుకుని, లోపల రబ్బరు రింగు ఉందో లేదో చూసి మరీ కొన్నారు. ఆ సాయంత్రం ఆయనే స్వయంగా బిగించారు.

"మర్నాటి నుంచే మొదలైంది సార్. అలాగని మామయ్యగారిని అనుమానించలేను. నేను కారు నడపడం ఆయనకి ఇష్టం లేదు, నిజమే. కానీ..." అంటూ మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లిపోయింది.

ఆవిడ కార్లోనే ముందు పంచర్ షాపుకి వెళ్లారు. మేస్త్రీ గ్రీజు చేతులు పాతగుడ్డకి తుడుచుకుంటూ, అడక్కముందే అందుకున్నాడు. "మేకు లేదు, చీలిక లేదు, రిమ్ము దగ్గర లీకు లేదు. వాల్వు మీద సబ్బునీళ్లు కూడా పోసి చూశానండీ. చుక్క గాలి పోవట్లేదు. పనోణ్ణి నన్నంటే ఎట్టా?"

"సబ్బునీళ్లు మూత తీశాకే పోశావా?"

"మూత తియ్యకుండా వాల్వు ఎట్టా కనబడుద్ది సార్?" అన్నాడు మేస్త్రీ, ఈయనెవరో మరీ అమాయకుడిలా ఉన్నాడే అన్నట్టు.

అంతలో ఇంకో కారొచ్చింది. మేస్త్రీ చుట్టూ తిరిగి నాలుగు మూతలూ విప్పి ఓ సబ్బుపెట్టె మూతలో పడేశాడు. నాలుగు చక్రాలకీ గాలి చూసి, చేతికి ఏది దొరికితే అది బిగించుకుంటూ పోయాడు.

"ఏది ఏ చక్రానిదో గుర్తుంటుందా?" అడిగాడు ఆరా.

"మూతలకేమన్నా ఇంటిపేర్లుంటాయా సార్? అన్నీ ఒకటే. ఈ అమ్మగారి బండికీ రోజూ అంతే. ఆ పెద్దాయన నా నెత్తిన నించుని 'నిదానంగా బిగించవయ్యా, మర అరిగిపోతుంది' అని ప్రాణం తీస్తాడు."

ఆరా కళ్లు ఒక్క క్షణం మెరిశాయి. తోక ఆ మెరుపు చూశాడు గానీ, అది ఎక్కడ పడిందో చూడలేకపోయాడు. అతని కాలు మరింత జోరుగా ఊగింది.

ఇంటి దగ్గర, మామగారు వరండాలో పచార్లు చేస్తున్నారు. ఉద్యోగమంతా లిఫ్టు నడిపిన మనిషి. పైకీ కిందికీ తప్ప పక్కకి పోవడం రిటైరయ్యాకే నేర్చుకున్నారు.

"నన్నే అడుగుతారని తెలుసు," అన్నారు గుర్రుగా. "ఆ పిల్ల చీకటితో లేచి రోడ్డెక్కడం నాకు ఇష్టం లేదు. ఇష్టం లేకపోతే తాళంచెవి దాచేస్తాను గానీ గాలి తీస్తానా? నా మోకాళ్లు వంగితే కదా!"

పక్కింటి ముందు మరిది తన కారు తుడుచుకుంటున్నాడు. నవ్వుమొహం, వేలికి తిరిగే తాళంచెవుల గుత్తి. అతని కారు నాలుగు చక్రాలకీ నల్లటి ప్లాస్టిక్ మూతలు ఉన్నాయి. ఆరా ఏమి చూసినా తనూ చూడాలని నియమం కాబట్టి తోక అవి లెక్కపెట్టుకున్నాడు.

"మీ వదినగారి బండికి ఏ టైరు దిగుతోంది బాబూ?"

"ఆ వెనక ఎడమదే కదండీ. అరిగిపోయింది, మార్చెయ్ వదినా అంటే వింటుందా?"

తోక నోరు తెరిచాడు. ఆరా బూటు వచ్చి అతని కాలిమీద వాలింది. నోరు మూతపడింది.

ఆవిడ కారు దగ్గరికి తిరిగి వచ్చాక ఆరా వీధి మొత్తానికి వినబడేలా అన్నాడు. "అమ్మా, తప్పంతా మూతల్లోనే ఉందని నా అనుమానం. ఐదింటికి మేస్త్రీని తీసుకొస్తాను. అందరూ ఉండాలి. నాలుగూ విప్పి చూద్దాం. అంతవరకూ ఎవరూ ముట్టుకోకండి."

మలుపు తిరగ్గానే తోక ఆగలేకపోయాడు. "గురువుగారూ, చాటింపు వేశారేంటి! దొంగ జాగ్రత్త పడిపోడూ?"

"పడాలనే వేశాను."

గంటన్నర కాఫీ షాపులో కూర్చున్నారు. తోక ఏడుసార్లు గడియారం చూశాడు. ఒకసారి వెళ్లి తొంగిచూసి వస్తానన్నాడు. తల కదలనివ్వలేదు, తోక కదల్లేకపోయింది.

ఐదింటికి కారు చుట్టూ ఐదుగురు చేరారు. కారుకి ఎడమ పక్క గోడ, కుడి పక్క ఇంటి కిటికీ. మేస్త్రీ విసుగ్గా, మామగారు చేతికర్రతో నేల పొడుస్తూ, మరిది తాళంచెవులు తిప్పుతూ. ఆవిడ మాత్రం గోళ్లు కొరుక్కుంటూ చక్రాల కేసే చూస్తోంది. వచ్చిన ఐదో మనిషి తోక. ఆరా లెక్కలోకి రాడు, ఆయన లెక్క చెప్పేవాడు.

"సబ్బునీళ్లు తెచ్చావా మేస్త్రీ? పొయ్యి. కానీ మూతలు తియ్యకుండా పొయ్యి."

మేస్త్రీ గొణుక్కుంటూ పోశాడు. వెనక కుడి మూత నిశ్శబ్దం. ముందు కుడి నిశ్శబ్దం. ముందు ఎడమ మూత చుట్టూ సన్నటి బుడగలు, చీమల బారులా ఒకదాని వెనక ఒకటి.

"ఓర్నీ!" అన్నాడు మేస్త్రీ.

ఆరా ఆ మూత విప్పి అరచేతిలో బోర్లించి చూపించాడు. లోపల, రబ్బరు రింగు నడుమ, ఆవగింజంత సీసపు పూస జిగురుతో అంటించి ఉంది. "మూత బిగిస్తే ఈ పూస వాల్వులో పుల్లని నొక్కుతుంది. రాత్రంతా గాలి సన్నగా కారిపోతుంది. పొద్దున షాపులో నువ్వు ముందు చేసే పనేంటి? మూత తియ్యడం. తియ్యగానే లీకు మాయం. దొంగని అరుగు మీద కూర్చోబెట్టి ఇల్లంతా వెతికావయ్యా. వెతికాక, నాలుగూ కలిపేసి మళ్లీ బిగించావు. అందుకే జబ్బు రోజుకో చక్రానికి మారింది."

అందరి చూపులూ మామగారి మీదికి వెళ్లాయి. ఆయన కర్ర ఆగిపోయింది. "నేను బిగించినప్పుడు అవి శుభ్రంగా ఉన్నాయి!"

"ఉన్నాయి. మీరు బిగించాక, ఒకరు ఒక్క మూత విప్పి, పూస అంటించి, మళ్లీ పెట్టారు. ఏ చక్రానిది? గోడ వైపున్నది, కిటికీకి కనబడనిది. వెనక ఎడమది. మొదట దిగింది అదే. ఇప్పుడు దాన్ని చూడండి."

తోక వంగి చూశాడు. ఇత్తడి లేదు. నల్లటి ప్లాస్టిక్ మూత.

"మధ్యాహ్నం ఇక్కడ ఇత్తడిదే ఉంది. నేను చాటింపు వేశాక, పూస ఇంకా ఇక్కడే ఉందనుకుని ఒకరు మార్చేశారు. మూతలు కలిసిపోతాయని మేస్త్రీకి తెలుసు, అది అతని అలవాటే. అమ్మకి తెలుసు, మామగారికి తెలుసు, రోజూ షాపులో నించుని చూశారు. వీళ్లలో ఎవరు చేసినా ఈ మూత ముట్టుకోరు. దిగే చక్రం రోజూ మారుతోందని కూడా తెలియని మనిషి ఒకరే ఉన్నారు. ఎందుకంటే ఆ టైములో ఆయన రోజూ పేషెంట్లని దింపే పుణ్యకార్యంలో ఉన్నారు."

తాళంచెవుల చప్పుడు ఆగిపోయింది.

"గాలి మాటలండీ ఇవి," అన్నాడు మరిది. నవ్వు మొహంమీద ఉంది గానీ పట్టు వదిలేసింది.

"తోకా, పక్కింటి కారు మూతలెన్ని?"

తోక పరిగెత్తి వెళ్లొచ్చాడు. "మధ్యాహ్నం నాలుగండీ. ఇప్పుడు మూడు!"

"నీ జేబులో ఇత్తడిది ఉంటుంది, తియ్యి బాబూ. కంగారులో లోపలికి చూసి ఉండవు."

మరిది చెయ్యి జేబులోకి వెళ్లి చాలాసేపటికి బయటికొచ్చింది. ఆరా ఆ మూత తీసుకుని వెలుతురుకి పట్టాడు. రబ్బరు రింగు తప్ప ఏమీ లేదు. "పాపం, ఏ పాపం ఎరగని మూతని దొంగిలించావు."

"వదినా... నా బండి రెండు నెలల్నించి ఖాళీగా ఉంది," అన్నాడు అతను నేలకేసి చూస్తూ. "ఒక్క వారం నీ బండి ఆగితే, వాళ్లే నన్ను అడుగుతారని..."

ఆవిడ గోళ్లు కొరకడం మానేసింది. మూడు రోజుల్లో మొదటిసారి కదలకుండా నించుంది.

"అడిగితే వారంలో మూడు రోజులు నీకిచ్చేదాన్ని కదరా. రోజూ ఫోన్ చేసి నిన్నే బతిమాలానే!"

మామగారు కొడుకు వైపు చూడలేదు. కళ్లజోడు తీసి తుడిచి, పెట్టుకుని, జేబులోంచి వచ్చిన ఆ ఇత్తడి మూతని లోపలా బయటా పరీక్ష చేశారు. మోకాళ్లు వంగవన్న మనిషి, గోడ పట్టుకుని కూలబడి, వెనక ఎడమ చక్రానికి తనే బిగించారు. తర్వాత ముందు ఎడమ వాల్వుకి ఆ నల్ల ప్లాస్టిక్ మూత పెట్టారు.

"రేపు నాలుగున్నరకి లేపు అమ్మాయ్," అన్నారు లేవడానికి చెయ్యి చాస్తూ. "నేనూ వస్తాను."

మర్నాడు పొద్దున ఆఫీసు కిటికీ దగ్గర తోక, కాలు ఊపుకుంటూ గడియారాన్ని చూస్తున్నాడు. ఆరింటికి పది నిమిషాలు తక్కువలో ఆ కారు వీధిలోంచి వెళ్లింది. మూడు ఇత్తడి మూతలు, ఒక నల్ల మూత, ముందు సీట్లో కర్ర పట్టుకుని నిటారుగా కూర్చున్న పెద్దాయన. ఆవిడ పక్కకి చూడలేదు, హారను మాత్రం రెండుసార్లు కొట్టింది.

అప్పుడు ఆగింది తోక కాలు.